రొయ్యకి చేసే టెస్టు మనిషికి ఎందుకు చెయ్యరండీ?

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

ప్రతి ఏటా జనవరి 12 వచ్చిందంటే పేపర్లలో యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫొటో వేస్తారు. 1895లో భీమవరంలో పుట్టారు, అమెరికా వెళ్ళారు, మందులు కనిపెట్టారు, నోబెల్ రాలేదు పాపం అని నాలుగు లైన్లు రాసి వదిలేస్తారు. ఆయన ల్యాబ్‌లో మొదలైన కథ ఇప్పుడు మన రొయ్యల చెరువుల దాకా, మన ఒంటి దాకా ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ రాయట్లేదు. యాంటీబయాటిక్‌లకి బాక్టీరియా మొండికెయ్యడం గురించీ, ఏ మందు పనిచేస్తుందో చూసే టెస్టు మనిషికి చెయ్యకపోవడం గురించీ ఈ ఉత్తరం. నేను భీమవరం దగ్గర్లో ఒక ప్రైవేటు ఆక్వా ల్యాబ్‌లో టెక్నీషియన్ని, డాక్టర్ని కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా.

సుబ్బారావు గారు లెడర్లీ అనే కంపెనీలో రీసెర్చికి పెద్దగా ఉన్నప్పుడు ఆయన కింద పనిచేసిన బెంజమిన్ డగ్గర్ అనే ఆయన, అప్పటికే 70 దాటిన మనిషి, మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీశారు, టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది, 1948లో బయటకి వచ్చింది. మన గోదావరి జిల్లాల్లో బోదకాలుకి ఇంటింటికీ వచ్చి మింగించిన డీఈసీ బిళ్ళ ఉంది చూడండి, అదీ ఆ ల్యాబ్ దే. ఇంకో పక్క అక్కడే తయారైన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ గారు బ్లడ్ క్యాన్సర్ పిల్లలకి ఇచ్చి చూస్తే కొందరిలో జబ్బు కొన్నాళ్ళు వెనక్కి తగ్గింది, 1948లోనే ఆ సంగతి ప్రచురించారు. దాని తమ్ముడు లాంటి మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ క్యాన్సర్ వార్డుల్లో వాడుతున్నారు, కీళ్ళవాతానికీ రాస్తున్నారు. ఆ ఏడాదే ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు, 53 ఏళ్ళకే.

ఆయన పోయాక అదే కంపెనీ వాళ్ళు ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపి చూస్తే పిల్లలు తొందరగా బరువు పెరిగాయి, 1950లో ఆ విషయం బయటపెట్టారు. ఇక అక్కడి నుంచి ప్రపంచమంతా జబ్బు ఉన్నా లేకపోయినా మేతలో యాంటీబయాటిక్ కలపడం మొదలైంది. మన దేశంలో అయితే కొలిస్టిన్ లాంటి ఆఖరి మందుని కూడా కోళ్ళ మేతలో వాడుతూ వాడుతూ 2019 జూలైలో గానీ నిషేధించలేదు, అంటే ఐసీయూలో ఇంకే మందూ పనిచేయనప్పుడు ఎక్కించే మందుని కోడి బరువు కోసం వాడేశాం అన్నమాట.

మందుకి లొంగకుండా మొండికెయ్యడం అంటే ఏంటో మన రైతుకి వేరే చెప్పక్కర్లేదండి, వరిలో దోమపోటుకి ఏటా ఒకే మందు కొడుతూ పోతే చివరికి దోమ ఆ మందులో స్నానం చేసి లేచిపోతుంది, బాక్టీరియా కూడా అంతే. కాకపోతే అవి కొన్ని 20 నిమిషాలకే రెండింతలు అవుతాయి, పైగా మందుని తట్టుకునే జీన్‌ని పక్క జాతి బాక్టీరియాకి కూడా ఇచ్చేస్తాయి. క్యాన్సర్ కణాలు కూడా తక్కువ తినలేదు, మెథోట్రెక్సేట్ ఏ ఎంజైమ్ మీద దెబ్బ కొడుతుందో ఆ ఎంజైమ్ జీన్‌కి కాపీల మీద కాపీలు చేసుకుని మందుని ముంచేస్తాయని 1978లో రాబర్ట్ షిమ్కే గారి ల్యాబ్ వాళ్ళు చూపించారు. ఇంకో సంగతి, కీమో పెట్టించుకునే వాళ్ళకి తెల్ల కణాలు పడిపోయి జ్వరం వస్తే గంటల్లో సరైన యాంటీబయాటిక్ పడాలి, అది పనిచేయకపోతే క్యాన్సర్ కన్నా ముందు ఇన్ఫెక్షన్ తీసుకుపోతుంది. 2019 ఒక్క సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద మొండి బాక్టీరియా వల్లే నేరుగా 12.7 లక్షల మంది పోయారని లాన్సెట్‌లో అంచనా వేశారు.

ఇప్పుడు మా ల్యాబ్ సంగతి చెప్తా. పొద్దున్నే రైతులు సీసాల్లో చెరువు నీళ్ళు, కవర్లో నాలుగు రొయ్యలు పట్టుకొచ్చి వరసగా కూర్చుంటారు. తెల్ల మచ్చ, ఈహెచ్‌పీ అనే రొయ్యల జబ్బులకి పీసీఆర్ చేస్తాం, విబ్రియో అనే బాక్టీరియా కోసం ప్లేట్ మీద రాసి ఇంక్యుబేటర్లో పెడితే మర్నాటికి పచ్చ చుక్కలు, పసుపు చుక్కలు లేస్తాయి, రైతులు భయపడేది పచ్చ రకానికే, గ్రీన్ ఎక్కువ కనిపించిందంటే రైతు మొహం మాడిపోతుంది. పెద్దగా చదువుకోని రైతు కూడా "గ్రీన్ కాలనీ ఎంత వచ్చింది బాబూ" అని అడుగుతాడండి. ఇక పట్టుబడికి ముందు ఎక్స్‌పోర్ట్ వాళ్ళ కోసం క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే, రొయ్యల్లో వాడకూడని యాంటీబయాటిక్‌ల అవశేషాలు ఉన్నాయేమోనని వేరే టెస్టు. ఎందుకంటే దొరికితే కంటైనర్ వెనక్కి వస్తుంది, 2016లో యూరప్ వాళ్ళు మన చెరువు రొయ్యల లోడ్లలో సగానికి సగం చెక్ చేస్తామన్నారు, అప్పటి నుంచి అందరికీ భయం పట్టుకుంది. భయం ఉంది కాబట్టే టెస్టు ఉంది.

మరి మనిషికి? మా మేనత్తకి షుగర్ ఉంది, యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు ఒక కోర్సు ఇచ్చారు, తగ్గి మళ్ళీ వచ్చింది, టౌన్లో ఒక ఆసుపత్రికి వెళ్తే ఇంకా పవర్ ఎక్కువది రాశారు, తర్వాత ఇంజెక్షన్లు, ఇన్ని మార్చినా ఒక్కళ్ళూ యూరిన్ కల్చర్‌కి, అంటే అందులోని బాక్టీరియాని పెంచి ఏ మందు పనిచేస్తుందో చూసే టెస్టుకి, పంపలేదు. చివరికి చలి జ్వరంతో సిటీకి తీసుకెళ్తే అక్కడ పంపారు. ఆ రిపోర్ట్ నేను చూశా, ఈకోలై, దాని కింద వరసగా మందుల పేర్లు, ఎదురుగా ఆర్, ఆర్, ఆర్ అని (ఆర్ అంటే ఆ మందు పనిచేయదని), ఊళ్ళో వాడినవన్నీ ఆ ఆర్ లిస్టులోనే ఉన్నాయి. ఎస్, అంటే పనిచేస్తుంది అని వచ్చిన నాలుగైదింట్లో ఒకటి నైట్రోఫ్యురాంటోయిన్, చవకైన పాత బిళ్ళ. రొయ్యలో కనిపించకూడదని మేం రోజూ వెతికే నైట్రోఫ్యూరాన్ల కుటుంబంలోదే అది. జ్వరం రాకముందే ఆ కల్చర్ చేసుంటే ఆ బిళ్ళతోనే పోయేదేమో, ఇప్పుడు ఐవీ పెట్టి వారం ఉంచాల్సి వచ్చింది. మనిషి బాగుంది, అప్పు మాత్రం ఉంది.

డాక్టర్లనే అనడం కూడా న్యాయం కాదులెండి, సాయంత్రానికల్లా తగ్గాలని పేషెంటే గొడవ చేస్తాడు, కల్చర్ రిపోర్ట్ రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, సీరియస్ కేసులో అంతసేపు ఆగకూడదు కూడా. కానీ మందు మొదలెట్టే ముందు శాంపిల్ తీసి పక్కన పెడితే రిపోర్ట్ వచ్చాక మందు మార్చుకోవచ్చు, అది మాత్రం జరగట్లేదు. మెడికల్ షాపుల వాళ్ళ సంగతైతే 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లో ఉంది, ఆ లిస్టులో ఉన్న యాంటీబయాటిక్ అమ్మితే రిజిస్టర్లో రాయాలి, మూడేళ్ళు దాచాలి. మా సెంటర్లో అయితే సగం స్ట్రిప్ కత్తిరించి ఇచ్చేస్తున్నారు, రిజిస్టర్ నాకైతే ఎప్పుడూ కనిపించలేదు.

ఇదేమీ మనవల్ల కాని పని కాదండి. టీబీ చూడండి, కఫం ఇస్తే సీబీనాట్ మిషన్ రెండు గంటల్లో టీబీ ఉందో లేదో, రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా చెప్పేస్తుంది, గవర్నమెంట్ ఆసుపత్రిలో ఫ్రీగా. టీబీకి చేయగలిగినోళ్ళు యూరిన్‌కి, పుండుకి ఎందుకు చేయలేరు? 2020 డిసెంబర్లో ఏలూరులో వందల మంది ఫిట్స్ వచ్చి పడిపోతే శాంపిళ్ళు ఢిల్లీకీ హైదరాబాద్‌కీ పరిగెత్తించారు, 2025లో కోళ్ళకి బర్డ్ ఫ్లూ వస్తే భోపాల్ పంపారు, అంత పెద్ద ల్యాబులు ప్రతి ఊళ్ళో ఉండవు, ఉండక్కర్లేదు కూడా. కల్చర్‌కి ఇంక్యుబేటర్, ఆటోక్లేవ్, ప్లేట్లు, ఏ మందు పనిచేస్తుందో చూడ్డానికి ప్లేట్ మీద పెట్టే మందు డిస్కులు, చూసి చెప్పడానికి ఒక మైక్రోబయాలజిస్ట్ ఉంటే చాలు. సామాను మటుకు మా ఆక్వా ల్యాబుల్లోనే ఉంది.

కాబట్టి ప్రతి ఏరియా ఆసుపత్రిలో శాంపిల్ తీసుకుని, కనీసం ఏలూరు, రాజమండ్రి మెడికల్ కాలేజీలకైనా ఆ రోజే పంపే ఏర్పాటు చెయ్యాలి. కేరళలో రాష్ట్రం మొత్తానికి ఏ బాక్టీరియాకి ఏ మందు పనిచేస్తుందో లెక్క కట్టి రిపోర్ట్ బయటపెడుతున్నారు, మనకీ జిల్లా లెక్క ఒకటి ఏడాదికోసారి ఇస్తే ఆర్‌ఎంపీల దగ్గర నుంచి పెద్ద డాక్టర్ల దాకా అందరికీ గోడకి అంటించుకోవడానికి పనికొస్తుంది. ఈ విషయం మీ విలేకరి ఎవరైనా జిల్లాలో ఆసుపత్రులు చూసే డీసీహెచ్‌ఎస్ గారిని, జిల్లా వైద్యాధికారి డీఎంహెచ్‌ఓ గారిని అడిగి, ఏ ఆసుపత్రిలో కల్చర్ చేస్తున్నారు, ఎక్కడ చేయట్లేదు, ఎప్పటి నుంచి చేస్తారు అన్నది జిల్లా పేజీలో వేయండి. జనవరి 12 దాకా ఆగక్కర్లేదు.

ఇట్లు,
ఒక ఆక్వా ల్యాబ్ టెక్నీషియన్,
పశ్చిమ గోదావరి జిల్లా