మంచు చిరుత నుంచి ఉద్దానం దాకా: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం అధ్యయనానికి ఎంచుకున్న అంశం ఎత్తయిన కొండల్లో, ఎడారుల్లో బతికే పిల్లి జాతి వన్యమృగాలు. శ్రీకాకుళంలో ఉండి లద్దాఖ్ మంచు చిరుత గురించి చర్చలెందుకని కొందరు సభ్యులు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు ఆ చర్చల్లోనే దొరికింది.

మొదట మంచు చిరుతల గణన. మన దేశంలో 2019 నుంచి 2023 వరకు సాగిన సర్వే ఫలితాలు 2024 జనవరిలో వెలువడ్డాయి. మొత్తం 718 ఉన్నట్లు అంచనా. అందులో 477 ఒక్క లద్దాఖ్‌లోనే. 1,971 చోట్ల కెమెరాలు అమర్చితే విడివిడిగా గుర్తించగలిగినవి 241. ఏ రెండింటి మచ్చలూ ఒకేలా ఉండవు కనుక ఫొటోలు పక్కపక్కన పెట్టి పోలుస్తారు. పలాసలో బడిపిల్లలకు ఇదే పని అప్పగిస్తే చివరిదాకా తల ఎత్తలేదు.

ఎడారుల వంతు వచ్చినప్పుడు సహారా, అరేబియా, మధ్య ఆసియాల్లో తిరిగే ఇసుక పిల్లి గురించి తెలుసుకున్నాం. అరికాళ్ల నిండా దట్టమైన వెంట్రుకలు ఉండడంతో దాని జాడ సరిగా పడదు. అందుకే పరిశోధకులు రాత్రివేళ లైటు వేసి కళ్ల మెరుపు కోసం వెతుకుతారు.

అన్నిటికంటే ఎక్కువ సేపు మాట్లాడుకున్నది హిమాచల్ ప్రదేశ్‌ స్పితి లోయలోని కిబ్బర్ అనే ఊరి గురించి. మంచు చిరుత దొడ్డిలోకి దిగితే ఒక్క రాత్రిలో ఎన్నో గొర్రెలను చంపేస్తుంది. ఏడాది సంపాదన పోగొట్టుకున్న కాపరికి కోపం రాకుండా ఎలా ఉంటుంది? అక్కడ ఊరివాళ్లే ప్రీమియం కట్టుకుని పశువుల బీమా నడుపుకుంటున్నారు. నష్టాన్ని తేల్చేదీ ఊరి కమిటీయే. లద్దాఖ్‌లో దొడ్లకు పైన ఇనుప వల బిగిస్తున్నారు. జంతువును కాపాడాలంటే ముందు కాపరి నష్టం తీర్చాలన్న ఈ పద్ధతే సరైనదని మా నమ్మకం.

మన ఉద్దానానికి కావలసినదీ ఇదే. మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో జీడి, కొబ్బరి తోటల్లోకి ఎలుగుబంట్లు వస్తున్నాయి, మనుషుల ప్రాణాలూ పోయాయి. తెల్లవారుజామున తోటకు వెళ్లే కూలీకి భయం తీరనిదే వన్యప్రాణుల రక్షణ గురించి మనం ఎంత చెప్పినా చెవికెక్కదు. పరిహారం త్వరగా అందించాలని, చీకటి వేళల్లో ఊళ్లను అప్రమత్తం చేసే ఏర్పాటు ఉండాలని అధికారులకు వినతిపత్రం ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు, మళ్లీ అడుగుతాం.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి ఈ నివేదికతో జతచేశారు. వచ్చే ఏడాది సమావేశాలు పట్టణంలో కాకుండా ఉద్దానం గ్రామాల్లోనే పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. రాగలిగిన సభ్యులు ముందుగా పేరు ఇవ్వగలరు.

కార్యదర్శి