ఆ పదకొండు విమానాలూ కదపకండి

మార్చి 3 నుంచి ఏప్రిల్ 19 లోపు మా చిన్న విమానాల రిపేరు షాపులో బ్రేకు పని చేయించుకున్నవాళ్ళు పదకొండు మంది. అందరికీ ఫోన్ చేశాను, ఇంగ్లీషులో నోటీసూ పంపాను. లాయరు చేతిలో పడి బయటికొచ్చేసరికి ఆ నోటీసులో నేను చెప్పదలచుకున్నది పెద్దగా మిగల్లేదు. డాలస్ చుట్టుపక్కల నా కస్టమర్లలో సగం మంది మన తెలుగువాళ్ళే. వారమంతా ఆఫీసు, శనివారం వస్తే గరాజులో సొంత విమానం కట్టుకుంటూ రివెట్లు. మీకు జరిగింది జరిగినట్టు చెప్పాలి.

మీ బ్రేకుల్లో ఉండాల్సింది విమానాలకు వాడే ఎర్ర నూనె, పేరు మిల్ 5606. అందులో కారు బ్రేక్ ఆయిల్ కలిసింది, డాట్ 4. నా పికప్ ట్రక్కు కోసం కొన్న డబ్బా అది. షెల్ఫులో ఎర్ర నూనె పక్కన పెట్టింది నేనే. బ్రేకు గొట్టాల్లో చిక్కిన ఎయిర్ తీయడానికి నూనె ఎక్కించే చేతిపంపు అడుగంటితే మా కుర్రాడు చేతికందిన డబ్బా వంచేశాడు. వాణ్ణి ఏమనను? లేబులు చూసి పొయ్యాలని నేర్పాల్సింది నేను.

ముందు బయటపడింది ఒక ఆర్వీ 9ఏ విమానం మీద. "అన్నా, టాక్సీ చేస్తుంటే, అదే నేల మీద నడుపుతుంటే, కుడికి లాగుతోంది. కదలాలంటే ఎక్కువ పవర్ అడుగుతోంది" అన్నాడు దాని ఓనరు. ఆ విమానానికి ముందు చక్రం తనంతట తను తిరుగుతుంది, స్టీరింగ్ ఉండదు. మలుపు తిప్పాలంటే ఆ వైపు బ్రేకు తొక్కాల్సిందే. కొత్త పైలట్లు పెడల్ మీద కాలు తియ్యరు, క్లచ్ మీద కాలు పెట్టి బండి నడిపేవాళ్ళలాగా. అదే అనుకుని, మడమలు నేల మీద ఉంచమని ఆయనకు పావుగంట క్లాసు పీకాను. పైగా రెండుసార్లు ఎయిర్ తీసి రెండుసార్లూ బిల్లు వేశాను. ఇది రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

మూడోసారి వచ్చినప్పుడు జాకీ వేసి చక్రం చేత్తో తిప్పాను. ఎడమది తిరిగింది. కుడిది పట్టేసి ఉంది. డిస్కును పట్టి ఆపే కాలిపర్ దగ్గర, ఆయిల్ బయటికి వదిలే బ్లీడర్ నిపుల్ కొంచెం వదులు చేస్తే ఆయిల్ చిమ్మింది, చక్రం వెంటనే వదిలేసింది. అంటే లోపల ప్రెషర్ చిక్కుకుపోయింది, కాలు తీసినా, పెడల్ తొక్కితే నూనెను నెట్టే మాస్టర్ సిలిండర్ వెనక్కి రావడం లేదు. నిపుల్ విప్పినా చక్రం వదలకపోతే అప్పుడు కాలిపర్‌ని అనుమానించాలి: పిస్టన్ ఇరుక్కోవడమో, గైడ్ పిన్నులు తుప్పు పట్టి ఎండిపోవడమో. ఈ పరీక్ష మొదటిరోజే చేసి ఉంటే ఆయన డబ్బు మిగిలేది.

మాస్టర్ సిలిండర్ విప్పితే లోపలి ఓ-రింగు (O ఆకారపు రబ్బరు సీలు) ఉబ్బి, మెత్తబడి, గాడిలో బిగుసుకుపోయి ఉంది. అది నైట్రైల్ రబ్బరు. ఎర్ర నూనెలాంటి మినరల్ నూనెలో హాయిగా బతుకుతుంది, కారు బ్రేక్ ఆయిల్లో ఇలా అయిపోతుంది. అప్పటికీ నాకు వెలగలేదు. పైన నూనె నిలవుండే రిజర్వాయరు మూత తీస్తే ఎర్రగానే కనిపించింది మరి. నిపుల్ కింద చక్రం మీద పెయింటు పొక్కులు లేచి ఉండటం చూశాక గుండె జారింది. పెయింటు తినేది కారు బ్రేక్ ఆయిలే. కింది నుంచి తీసిన ఆయిల్ గాజు సీసాలో పోసి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి రెండు పొరలు. పైన ఎరుపు, అడుగున తేనెరంగు. ఈ రెండూ కలవవు, ఎర్ర నూనె తేలిక. మేం కింది నుంచి పంపు కొట్టాం కాబట్టి మంచి నూనె పైకి వెళ్ళి రిజర్వాయర్లో కూర్చుంది, చెడ్డది చక్రాల దగ్గర ఉండిపోయింది.

అందుకే రిజర్వాయర్లో ఎరుపు చూసి మాది బాగానే ఉందనుకోకండి. టాక్సీ కూడా చేయొద్దు. పట్టేసిన బ్రేకుతో దూరం నడిపితే డిస్కు కాలుతుంది, ఉబ్బిన రింగు కారుతుంది, కారిన నూనె ఆ వేడి మీదే పడుతుంది. విమానం నా దగ్గరికి తేనక్కర్లేదు, నేనే మీ హ్యాంగరుకి వస్తాను.

మొత్తం ఖాళీ చేసి, గొట్టాలు ఆల్కహాలుతో కడిగి, రబ్బరు అన్నది ప్రతిదీ మారుస్తాను. ఓ-రింగులు, రబ్బరు హోసులు, రిజర్వాయరు మూత వాషరు కూడా. మళ్ళీ నింపేది మిల్ 83282 అనే నూనె. 5606 కనీస ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు తగిలితే ఆవిరి అంటుకునే వేడి, 82 డిగ్రీల సెల్సియస్, దీనిది 205. బాగా గడ్డకట్టే చలిలో ఇది చిక్కబడుతుంది గానీ మన టెక్సస్‌లో ఆ బెంగ అక్కర్లేదు. ఖర్చంతా నాదే. ఆ మధ్య బ్రేకు పనికి మీరిచ్చిన డబ్బూ వెనక్కి ఇస్తున్నాను.

మీరే చేసుకుంటామంటే సామాను పంపిస్తాను. ఎక్స్‌పెరిమెంటల్ (సొంతంగా కట్టుకున్న) విమానానికి మెయింటెనెన్స్ ఎవరైనా చేయొచ్చు. ఏడాదికోసారి చేసే కండిషన్ ఇన్‌స్పెక్షన్‌కే రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఉన్న బిల్డరో, ఏ అండ్ పీ లైసెన్సున్న విమాన మెకానికో కావాలి. కాకపోతే లాగ్‌బుక్‌లో ఏం జరిగిందో దాచకుండా రాయండి. మా షాపు తప్పని రాసినా నాకేం అభ్యంతరం లేదు.

లైనింగుల (డిస్కును రుద్దే బ్రేకు ప్యాడ్ల) మీద ఆయిల్ పడి ఉంటే అవీ మారుస్తాను. కొత్త లైనింగులకు కండిషనింగ్, అంటే వాటిని వేడెక్కించి పనికి సిద్ధం చేయడం, మాత్రం మీరే చేయాలి. లైనింగు తయారుచేసినవాళ్ళు చెప్పిన పద్ధతిలోనే చేయండి. ఆ తర్వాత చల్లారడానికి పది పదిహేను నిమిషాలు వదిలేయండి.

డాట్ 4 డబ్బా ఇప్పుడు నా ట్రక్కు సీటు కింద ఉంది. మొదట వెళ్ళేది ఆ ఆర్వీ 9ఏ దగ్గరికే, ఈ శనివారం పొద్దున ఏడింటికి. ఆయన ఇంకా నాతో ముభావంగానే ఉన్నాడు. మిగతా పది మందీ మీకు కుదిరే రోజు మెసేజ్ పెట్టండి.