మీ నాన్నగారి టేకు సోఫా అమ్మేయకు

ప్రియమైన మిత్రమా,

అందరూ క్షేమమే కదా! మీ నాన్నగారు చేయించిన టేకు సోఫాను పాత సామాన్లవాడికి ఇచ్చేసి కొత్తది కొంటానని రాశావు. అది చదివాక ఆగలేక వెంటనే రాస్తున్నాను. ఆ కర్రకు ఏమీ కాలేదు, పాడైంది లోపలి ఫోము ఒక్కటే.

మా సోఫా విప్పించినప్పుడు కళ్లారా చూశాను. రెక్సిన్ ఊడదీయగానే ఫోము పసుపుపచ్చ పొడిగా రాలిపోయింది. పెట్రోలియం నుంచి తయారయ్యే ఆ పాలీయూరిథేన్ గాలికీ తేమకీ చివికిపోతుంది, కానీ మట్టిలో కలవదు. మళ్లీ అదే నింపించడానికి నాకు మనసొప్పలేదు.

పనిచేసిన పెద్దాయన ముందుగా జనపనార పట్టీలను నిలువునా అడ్డంగా ఒకదానిలోంచి ఒకటి దూర్చి, బాగా లాగి చట్రానికి మేకులు కొట్టాడు. వాటి మీద గోనెగుడ్డ పరిచి, దానిపై రబ్బరు పట్టించిన కొబ్బరిపీచు పలక పెట్టాడు. పీచును మెలితిప్పి, రబ్బరు పాలు చల్లి, వేడితో గట్టిపరిస్తే ఆ పలక తయారవుతుంది. కూర్చుంటే అణుగుతుంది, లేస్తే పైకి వస్తుంది. లోపల గాలి ఆడుతుంది కాబట్టి ఎండాకాలంలో రెక్సిన్ మీద కూర్చున్నట్టు వీపు చెమటతో అంటుకోదు. ఇంకాస్త మెత్తగా కావాలంటే పైన పలచటి లేటెక్స్ పొర వేయించుకో. లేటెక్స్ పేరుతో కృత్రిమ రబ్బరు కలిపినవీ అమ్ముతారు, అందుకే సహజ రబ్బరు ఎంత శాతమో బిల్లు మీద రాయించుకో.

వీపు దిండ్లకు బూరుగుదూదిని మించింది లేదు. దాని పోగు లోపల బోలుగా, పైన మైనపు పూతతో ఉంటుంది. అందుకే అంత తేలిక, తడి కూడా తొందరగా పీల్చుకోదు. అయితే కొన్నాళ్లకు అణిగిపోతుంది, అప్పుడు తీసి ఎండలో వేసి విదిలించాలి. కూర్చునే చోట మాత్రం పనికిరాదు. నిప్పు త్వరగా అంటుకుంటుంది, దీపాలకూ అగరుబత్తులకూ దూరంగా ఉంచు.

పై గుడ్డగా వరంగల్ జంపఖానా వేయించాను. ముతక నూలు నేత, ఎంత కూర్చున్నా తట్టుకుంటుంది. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మూలల దగ్గర మడతపెట్టడం కష్టమని పెద్దాయన గొణిగాడు, నిజంగానే కష్టమైన పని. కొనేముందు తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూసుకో. పెడన కలంకారీ మీద నీకున్న మోజు నాకు తెలుసు, కానీ ఆ గుడ్డ పలచన. దిండు గలీబులకైతే బాగుంటుంది. రసాయన రంగులతో అద్దినవీ ఉంటాయి, కరక్కాయ, మంజిష్ఠ వాడినవే అడిగి తీసుకో.

అన్నిటికంటే ముఖ్యం, ఏ పొరనూ జిగురుతో అంటించనివ్వకు. పని త్వరగా అవుతుందని వాళ్లు అంటారు. మేకులూ కుట్లూ అయితే మీ అబ్బాయి రేపు విప్పించి, పాడైన పొరనొక్కటే మార్చుకోగలడు. జిగురు వేస్తే పీచూ గుడ్డా కలిసి చిరిగి, అంతా చెత్తకుప్పకే పోతుంది. టేకు చేతులకు లక్క పాలిష్ పెట్టించు. వేడి కప్పు పెడితే తెల్లమచ్చ పడుతుంది కానీ, మళ్లీ లక్క రుద్దితే సర్దుకుంటుంది.

ఈ ఆదివారం సోఫా బోర్లించి అడుగున స్ప్రింగులున్నాయో పట్టీలున్నాయో చూసి రాయి. పీచు పలక ఎంత మందం కావాలో దాన్నిబట్టి చెబుతాను. పాత సామాన్లవాడు ఈలోగా వస్తే మాత్రం బేరం పెట్టకుండా పంపించెయ్యి.

నీ మిత్రుడు