అక్కడ ఎనిమిది, ఇక్కడ ఆరువందలు

కొలంబస్, ఒహాయో
ఆదివారం ఉదయం

చిన్నాకు,
అమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో నువ్వు మాట్లాడినంతసేపూ ఊఁ కొడుతూ ఉండిపోయాను. ఫిజికల్ థెరపిస్టు అసిస్టెంటు లైసెన్సు పరీక్షలో 600 రావలసిన చోట 588 వచ్చి కూర్చున్న పిల్లవాడితో అర్ధరాత్రి వాదన ఎందుకని. కానీ నువ్వన్న ఒక్క మాట నన్ను నిద్రపోనివ్వలేదు. "ఆ పరీక్ష తయారుచేసేవాళ్ళకు మన పని తెలియదమ్మా" అన్నావు. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో అయితే మధ్యలో అడ్డం వస్తావు.

ముందు ఒక చీవాటు. నీకు వచ్చిన ప్రశ్న ఏమిటో నాకు చెప్పబోయావు, నేను ఆపాను. ప్రశ్నలు బయట పెట్టనని ఒప్పుకున్న తర్వాతే కదా నిన్ను ఆ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు? ఆ లెక్కన అమ్మ కూడా బయటి మనిషే. ఇంకెవరి దగ్గరా నోరు జారకు.

మీ నాన్నగారు గుంటూరులో స్కూటరు లైసెన్సుకు వెళ్ళిన కథ నీకు తెలుసు. నేల మీద గీసిన ఎనిమిది అంకె వెంట, కాలు కింద పెట్టకుండా బండి తిప్పమన్నారు. ఆయన కాలు పెట్టారు. ఇంటికి వచ్చి, "రోడ్డు మీద ఎవరైనా ఎనిమిది వేస్తారా?" అని ఊగిపోయారట. ఇప్పటికీ ఆ ఊసు వస్తే గొంతు పెరుగుతుంది. నిన్న నీ నోట అచ్చం అదే విన్నాను. నిజమే, రోడ్డు మీద ఎవరూ ఎనిమిది వేయరు. కానీ ఇరుకు సందులో గేదె అడ్డం వచ్చినప్పుడు బండిని నిదానంగా తిప్పుకోగలడా లేదా అన్నది ఆ ఎనిమిదిలోనే తేలుతుంది. కాకపోతే ఆ ఎనిమిదిని ఎవరు పెట్టారో, ఏమి చూసి పెట్టారో ఆయనకు ఎవరూ చెప్పలేదు. నీ పరీక్ష ఎలా తయారవుతుందో నీకు నేను చెప్పగలను. అందులో నా చేయి కూడా రవ్వంత ఉంది.

కొన్నేళ్ళ కిందట నాకొక ఈమెయిలు వచ్చింది. వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో ఉంటుందే, మీ పరీక్ష పెట్టే రాష్ట్ర బోర్డుల సమాఖ్య, వాళ్ళ సర్వే. మన పనిని ముక్కలు ముక్కలుగా విడగొట్టి వరసగా రాశారు. ప్రతి ముక్క దగ్గరా ఇది మీరు చేస్తారా, ఎంత ముఖ్యం, లైసెన్సు చేతికి వచ్చిన కొత్తవాడికి ఇది వచ్చి తీరాలా అన్న ధోరణిలో ప్రశ్నలు. ఒకప్పుడు ఇలాంటి పెద్ద కసరత్తు అయిదేళ్ళకోసారి జరిగేది, ఇప్పుడు ఏటా జరుగుతోంది. మాలాంటివాళ్ళం ఇచ్చిన జవాబులన్నీ పోగుచేసి, పని తెలిసినవాళ్ళను కూర్చోబెట్టి, ఏ విషయం పరీక్షలో ఉండాలి, దేని మీద ఎన్ని ప్రశ్నలు రావాలి అన్నది తేలుస్తారు. నువ్వు గోడకు అంటించుకున్న ఆ సిలబస్ కాగితం అలా పుట్టిందే.

మొదట్లో అన్నిటికీ "చాలా ముఖ్యం" అని నొక్కుకుంటూ పోయాను. అహం మరి. నేను చేసే పనిలో ముఖ్యం కానిది ఏముంటుందని! సగం దూరం పోయాక "కొత్తవాడు" అన్న మాట దగ్గర చేయి ఆగింది. నా మొదటి వారం గుర్తొచ్చింది. తుంటి మార్పిడి అయిన పెద్దాయనను మంచం అంచున కూర్చోబెట్టాను. రెండు నిమిషాల్లో ముఖం పాలిపోయింది, చెమటలు పట్టాయి. ఆ క్షణాన నాకు కావలసినవి నాలుగే: లేపి నిలబెట్టకూడదని తెలియడం, వెనక్కి పడుకోబెట్టడం, బీపీ చూడటం, నర్సునూ థెరపిస్టునూ పిలవడం. ఈ పదిహేనేళ్ళలో నేర్చిన ఒడుపులేవీ ఆ రోజు నా దగ్గర లేవు, వాటి అవసరమూ లేదు. అప్పుడు మళ్ళీ మొదటి వరసకు వెళ్ళి చాలావాటిని మార్చాను. నేను ఊరికే గొప్పకు నొక్కిన ప్రతి "ముఖ్యం" ఎక్కడో ఒక పిల్లకో పిల్లవాడికో గడప ఎత్తు పెంచుతుంది కదా.

అయితే అన్నీ తగ్గించలేదు. తరచుగా చేసే పని వేరు, తప్పితే ప్రాణం మీదికి తెచ్చే పని వేరు. హాట్ ప్యాకులు సర్దడం, బల్లలు తుడవడం, వీల్‌చెయిర్ తోయడం రోజుకు ఇరవై సార్లు చేస్తాం. వాటి మీద ప్రశ్న అడిగి ఎవరిని వడపోస్తారు? దానికి పూర్తిగా ఎదురు కొసన ఉన్నది ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా. వెన్నుపాము పైభాగంలో దెబ్బతిన్నవాళ్ళకు మూత్రపు గొట్టం మెలికపడినంత మాత్రానే బీపీ ఒక్కసారిగా పైకి ఎగసిపోతుంది, తల పగిలిపోయే నొప్పి వస్తుంది. నా ఉద్యోగంలో ఒక్కసారే చూశాను. ముఖం పాలిపోయిన ఆ పెద్దాయనను పడుకోబెట్టాలి, ఇతన్ని మాత్రం లేపి కూర్చోబెట్టాలి. పడుకోబెడితే బీపీ ఇంకా పెరుగుతుంది. బిగుతుగా ఉన్నవి వదులు చేయాలి, గొట్టం చూడాలి, వెంటనే సాయానికి పిలవాలి. దానికి ఎదురుగా "అరుదు" అని పెట్టాను, "అత్యంత ముఖ్యం" అనీ పెట్టాను. కొత్తవాడికి వచ్చి తీరాలా అంటే, తీరాలి. ఆ పేషెంట్ నీ అనుభవం పెరిగేదాకా ఆగి రాడు.

ఇక నీ రెండో ఫిర్యాదు. "నేను స్పోర్ట్స్ క్లినిక్‌లో చేస్తాను, నాకు లింఫ్ వాపులూ కాలిన గాయాలూ ఎందుకు?" అన్నావు. నీ లైసెన్సు మీద "మోకాళ్ళకు మాత్రమే" అని రాసి ఉండదు నాన్నా. ఆ కాగితంతో రేపు నర్సింగ్ హోముకు రావచ్చు, ఆసుపత్రికి పోవచ్చు, ఇళ్ళకు వెళ్ళి చేయవచ్చు. రాష్ట్రం నిన్ను ఒక్క క్లినిక్ కోసం చూడదు, నీ దగ్గరికి రాగల పేషెంట్లందరి తరఫున చూస్తుంది.

నీకు పోయిన మార్కులు వేరేచోట పోయాయని నా అనుమానం. థెరపిస్టులకు పెట్టే పరీక్ష సిలబస్, అసిస్టెంట్లమైన మనకు పెట్టే దాని సిలబస్ పక్కపక్కన పెట్టి చదువు. వాళ్ళకు "ఎగ్జామినేషన్" (పేషెంట్‌ను పరీక్షించి చూడటం) అని ఉన్నచోట మనకు "డేటా కలెక్షన్" (కొలతలు, వివరాలు సేకరించడం) అని ఉంటుంది. వాళ్ళకు రోగాన్ని వేరుచేసి తేల్చడం గురించి ఉన్నచోట మనకు, చికిత్స మీద ప్రభావం చూపే జబ్బుల గురించి ఉంటుంది. ఏదో మాట మార్చడం కోసం మార్చినవి కావు అవి. మన పని ఎక్కడ ఆగాలో చెప్పే గీతలు. మోకాలు ఎన్ని డిగ్రీలు వంగిందో మనం కొలుస్తాం, దాన్నిబట్టి చికిత్స ప్రణాళిక మార్చేది థెరపిస్టు. ఆ ప్రణాళిక లోపల వ్యాయామాన్ని పెంచడం, తగ్గించడం మన చేతిలోనిదే. పిక్క వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే మనం దానికి పేరు పెట్టం. వ్యాయామం ఆపి కబురు చేస్తాం. నువ్వేమో చిన్నప్పటి నుంచి ముందు నుంచునే రకం. నాలుగు జవాబులలో ధైర్యంగా కనబడేదాన్ని పట్టుకుని ఉంటావు. అది థెరపిస్టు జవాబు అయి ఉంటుంది.

మొన్న ఒక మాట చదివాను, చెప్పకుండా ఉండలేను. నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ కంపెనీ నల్లజాతి కార్మికులను ఎప్పుడూ కూలి విభాగంలోనే ఉంచేది. అక్కడి నుంచి మెరుగైన విభాగాలకు మారాలంటే హైస్కూలు డిప్లొమా అడిగింది, లేకపోతే తెలివితేటల పరీక్షలు పెట్టింది. ఆ పనికీ ఆ పరీక్షలకూ సంబంధం చూపించలేకపోయింది. 1971లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. అది ఉద్యోగాల కేసు, మన లైసెన్సుది కాదు. అయినా పనిని చూడకుండా పరీక్ష పెడితే అది ఎవరిని బయట నిలబెడుతుందో ఆ కేసు చదివితే తెలుస్తుంది. నా గంటన్నర ఆ సర్వేకు ఎందుకు ఇచ్చానా అని అప్పటివరకు గొణుక్కున్నదాన్ని, అది చదివాక మానేశాను.

600 అంటే నూటికి అరవై కాదు. 200 నుంచి 800 దాకా ఉన్న కొలబద్ద మీద ఒక గుర్తు. అనుభవజ్ఞులు కూర్చుని ఒక్కొక్క ప్రశ్ననూ చూసి, "బొటాబొటీగా అర్హత ఉన్నవాళ్ళు వందమంది దీనికి కూర్చుంటే ఎంతమంది సరిగ్గా చెబుతారు?" అని తర్కించుకుంటారు. గీత అక్కడి నుంచి వస్తుంది. ఒక నెల ప్రశ్నాపత్రం కష్టంగా వస్తే లెక్క సర్దుతారు. 180 ప్రశ్నలలో మార్కులు ఉండేవి 140కే, మిగతా 40 రేపటి పరీక్షల కోసం తూచి చూసుకునేవి. నిన్ను బెంబేలెత్తించిన ఆ ప్రశ్నకు అసలు మార్కే లేదేమో. నాకు నవ్వు వస్తోంది, నీకు రాదని తెలుసు.

జూలైలో మళ్ళీ రాయి. ఏడాదికి మూడుసార్లు, మొత్తం మీద ఆరుసార్లే అవకాశమన్నది గుర్తుంచుకో, కంగారుతో ఒకటి పారేసుకోకు. ఫీజు సంగతి నాన్నగారు చూస్తానన్నారు. ఆయనకు స్కోరు చెప్పగానే మొదట అడిగింది, "ఎనిమిదా?" అని.

అసలు విషయం మరిచాను. ఈ ఏడాది సర్వే మళ్ళీ నాకు వచ్చింది. ఒక వరస దగ్గర ఆగిపోయాను. వీడియో కాల్‌లో పేషెంట్ చేత వ్యాయామం చేయించడం గురించి. మా నర్సింగ్ హోములో అది ఎప్పుడూ చేయలేదు, నాకు తెలియని దానికి నొక్కడం ఇష్టం లేదు. నువ్వు మొన్న క్లినికల్ శిక్షణ చేసిన చోట అది చేశారా? చేస్తే, కొత్తగా వచ్చిన నీకు అప్పజెప్పారా, పక్కన ఎవరైనా ఉన్నారా? శుక్రవారం గడువు. బుధవారంలోపు ఫోన్ చెయ్యి, నా డ్యూటీ మూడింటికి దిగుతుంది.

అమ్మ