మందు కొట్టాడంటే తాగాడనుకున్నారు: వ్యవసాయ మంత్రి గారికి ఒక టైలరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

గుంటూరు అరండల్‌పేటలో బట్టలు కుట్టుకుని బతికే ఒక ఆడమనిషి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇది నా నాలుగో ఉత్తరం. ముందు మూడూ అర్జీలు, చేలో పురుగుమందు కొడుతూ విషం ఎక్కిన మా తమ్ముడి గురించి. సోమవారాలు షాపు మూసుకుని, వరుసలో నిలబడి ఇచ్చినవి. రసీదులున్నాయి. మొదటిదానికి నలభై రోజుల తర్వాత ఫోనుకు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారో కూడా చెబితే మేమూ సంతోషించేవాళ్లం. రెండోదానికి ‘అర్జీదారు రైతు కాదు’ అని రాసి మూసేశారు. నిజమే, నేను రైతును కాదు. మా తమ్ముడూ కాదు. వాడు మందు కొట్టే కూలీ. మూడోదానికి ‘అర్జీదారుతో ఫోనులో మాట్లాడి సంతృప్తిపరచడమైనది’ అని వచ్చింది. ఆ సంతృప్తి పడ్డవారెవరో గానీ చల్లగా ఉండాలి. నా ఫోను మాత్రం మోగలేదు.

మందు కొట్టే కూలీలకు ఇస్తామన్న రక్షణ దుస్తుల కిట్ల సంగతి మీకు తెలిసిందే, ఆ కథ మొదటి నుంచి చెప్పను. మోనో అని మేం పిలిచే పురుగుమందు సంగతీ తెలిసిందే. మోనోక్రోటోఫాస్ 36 ఎస్.ఎల్.ను ఆపమని 2023లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. కూరగాయల మీద కొట్టకూడదని 2005లోనే చెప్పారు. శ్రీలంక వాళ్లయితే 1995లోనే వద్దనుకున్నారు. ఇన్ని ఉత్తర్వుల తర్వాత, 2024 అక్టోబరులో, ప్రత్తిపాడు వైపు ఒక ఊళ్లో, బిల్లు లేకుండా కొన్న సీసాలో మందు మా తమ్ముడి ట్యాంకులోకి ఎలా వచ్చిందని అడిగితే నాకు వచ్చిన జవాబు పైన చెప్పాను.

ఆ రోజు వాడు పొద్దున ఏడింటికి దిగాడు. పత్తి ఛాతీ ఎత్తుకు వచ్చింది. వీపున తైవాన్ స్ప్రేయరు. పదకొండో ట్యాంకు కొడుతుంటే కళ్లు మసకలు కమ్మాయట. ఎండ దెబ్బ అనుకుని గట్టు మీద కూర్చున్నాడు. నోట్లో నీళ్లు ఊరడం ఆగలేదు. వాంతి. తర్వాత తొడల మీద కండ చర్మం కింద పురుగులు పాకినట్టు అదిరింది. పంచె తడిసింది వాడికి తెలియలేదు. ఆటోలో వేసుకుని దగ్గర్లోని చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లారు.

అక్కడ ‘ఏమైంది?’ అని అడిగారు. పక్కనున్న కుర్రాడు ‘మందు కొట్టాడండి’ అన్నాడు. ‘పొద్దున్నేనా? ఎంత తాగాడు?’ అన్నారు.

అయ్యా, మన భాషలో జ్వరానికి వేసుకునేదీ మందే, సీసాలో తాగేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే. ఆ కుర్రాడు ‘తాగలేదండి, కొట్టాడు’ అన్నాడు. అంటే ఇంకా గట్టిగా తాగాడనుకున్నారు. తూలుతున్నాడు, వాంతి చేసుకున్నాడు, మాట ముద్దగా ఉంది, తాగినవాడు కాక ఇంకెవరు? సెలైను పెట్టి పక్కన పడుకోబెట్టారు. కాసేపటికి ఎవరో ‘పురుగుమందు’ అనే మాట అన్నారు. అప్పుడేమో ఆత్మహత్యాప్రయత్నం కింద పోలీసులకు చెప్పాలన్నారు. ‘ఏ మందు?’ అన్నారు. ఎవరికి తెలుసు? సీసా రైతు దగ్గర, కలిపింది రైతు కొడుకు, వీడి చేతికి వచ్చింది బకెట్టులో నీళ్లే. మోనో నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది, తేలదు, చూస్తే తెలియదు.

నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఇది కూడా కాదు. చొక్కా విషయం.

పొద్దుటి నుంచి తడిసిన చొక్కా అది. ఆటోలో వాడి ఒంటి మీదే ఉంది. చిన్న ఆసుపత్రిలో వాడి ఒంటి మీదే ఉంది. ‘మా వల్ల కాదు, గుంటూరు తీసుకుపొండి’ అన్నాక రెండో ఆటోలోనూ ఉంది. చలేస్తుందని పైన దుప్పటి కూడా కప్పారు. నేను పెద్దాసుపత్రి గేటు దగ్గర ఎదురు వెళ్లి వాడి తల ఒళ్లో పెట్టుకున్నాను. లోపల నర్సమ్మ ఒకావిడ టార్చి వేసి కళ్లు చూసింది. కంటిపాప ఆవగింజంత. వెంటనే కత్తెర అడిగి చొక్కా నడిమికి కోసేసింది. ‘ఇంతసేపు ఇది ఒంటి మీదే ఉంచారా? విషం ఇంకా లోపలికి పోతానే ఉందమ్మా’ అంది. సబ్బునీళ్లతో తల నుంచి కాళ్ల దాకా కడిగించింది. నన్ను కూడా చేతులు కడుక్కోమంది.

ఆ చొక్కా నేనే కుట్టాను. సంక్రాంతికి. చేలో పనికి పనికొస్తుందని ఫుల్ హ్యాండ్స్ పెట్టి, కాస్త మందమైన కాటన్ గుడ్డ ఏరి మరీ కుట్టాను. మందమైన కాటన్ అంటే ఏమిటి? నీళ్లు బాగా పీల్చి, బాగా పట్టి ఉంచుకునేది. ఇరవై రెండేళ్లుగా మిషను తొక్కుతున్న నాకు ఇది తెలియదా? తెలుసు. విషానికి లెక్క కట్టలేదంతే.

బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకునే పక్కింటి అమ్మాయి తర్వాత వివరంగా చెప్పింది. ఈ మందుకు నోట్లో పడాల్సిన పని లేదు, చర్మం చాలు. ఎలుకల మీద పరీక్షల్లో ఒంటి బరువు కిలోకు పద్నాలుగు మిల్లీగ్రాములు నోటి ద్వారా లోపలికి పోతే సగం ఎలుకలు చచ్చాయి. లీటరు సీసాలో ఆ విషం సుమారు మూడు వందల అరవై గ్రాములు ఉంటుంది. లెక్క మీరే వేసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని చాలా ప్రమాదకరమైన వాటిలో, ఒకటి-బి తరగతిలో పెట్టింది. నరం నుంచి కండకు ‘కదులు’ అని కబురు తెచ్చే పదార్థం ఒకటి ఉంటుందట, పని అయ్యాక దాన్ని తుడిచేసే ఎంజైము ఇంకొకటి. ఈ జాతి మందులన్నీ ఆ తుడిచేదాన్ని కట్టిపడేస్తాయి. నాకర్థమైన భాషలో చెప్పాలంటే, కాలు తీసినా పెడలు పైకి లేవని మోటారు మిషను. కుడుతూనే ఉంటుంది, గుడ్డ అయిపోయినా, దారం తెగినా, సూది విరిగేదాకా. నోట్లో లాలాజలం, కళ్లల్లో నీళ్లు, ఊపిరితిత్తుల్లో తడి, అన్నీ ఆగకుండా. చివరికి ఊపిరి తీసే కండలే అలిసి ఆగిపోతాయి.

పెద్దాసుపత్రిలో విరుగుడుగా అట్రోపిన్ మీద అట్రోపిన్ ఎక్కించారు. ఛాతీలో గరగర తగ్గేదాకా లెక్క లేకుండా పడుతుందని చెప్పారు. ప్యామ్ అనే ఇంకో విరుగుడు ఇంజెక్షనూ ఇచ్చారు. సాయంత్రానికి నోరు ఎండిపోయి, కంటిపాపలు ఇంతలేసి అయి, దుప్పటి మీద లేని దారపు పోగులు ఏరడం మొదలుపెట్టాడు. అది అట్రోపిన్ వల్లేనన్నారు. గండం గడిచిందనుకుని నేను ఇంటికెళ్లి స్నానం చేసొచ్చాను. మూడో రోజు తెల్లవారుజామున దిండు మీద నుంచి తల ఎత్తలేకపోయాడు. మెడలో బలం లేదు. విషం ఎక్కిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లోపు, అది దిగిపోయినట్టు కనిపించాక కూడా ఇలా వస్తుందట. వెంటిలేటరు మీద తొమ్మిది రోజులు. బతికాడు. వాళ్లకు చేతులెత్తి మొక్కాను, ఇప్పుడూ మొక్కుతాను. వాళ్ల మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు.

ఇప్పుడు నా షాపులో ఇస్త్రీ చేస్తున్నాడు. బొత్తాలు కుట్టమందామంటే చేతులు వణుకుతాయి. మొన్న సూదిలో దారం ఎక్కించబోయి, పది నిమిషాలు చూసి, సూది పిన్‌కుషనుకు గుచ్చేసి బయటికెళ్లి నిలబడ్డాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఇక కిట్లు. చెప్పనన్నాను గానీ చెప్పకుండా ఉండలేను. ఊళ్లో సభ పెట్టి, మందు కొట్టే ప్రతి కూలీకి రక్షణ దుస్తులు ఇస్తామని మైకులో చెప్పారు. ఒక కుర్రాడికి తొడిగి చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు, మా తమ్ముడు కూడా. ఫొటో అయ్యాక విప్పించి, మడతపెట్టి, అట్టపెట్టెలో సర్దుకుని జీపులో తీసుకెళ్లారు. మడత మాత్రం బాగా పెట్టారట.

అది వచ్చినా తొడుక్కునేవాళ్లు కాదనుకోండి. మెడ నుంచి మడమ దాకా గాలి ఆడని వానకోటు లాంటిది. మన ఎండలో దాన్ని తొడుక్కుంటే పురుగు కంటే ముందు మనిషి పోతాడు. ఎవరి కొలతలతో కుట్టారో! మందు కొట్టేవాడు తడిసేది ఎక్కడ? ముందుకు నడుస్తూ కొడతాడు, తను తడిపిన ఆకుల్లోంచే తను నడుస్తాడు. తొడలు, పొట్ట తడుస్తాయి. ట్యాంకు మూత కారితే వీపు, నడుము తడుస్తాయి. కలిపేటప్పుడు చేతులు. అక్కడ నీరు దిగని గుడ్డ, మిగతా చోట గాలాడే గుడ్డ పెట్టి కుట్టొచ్చు. ముందు ఏప్రాను, వీపుకో పలక, తొడలకు రెండు కవర్లు, నాడాలతో కట్టుకునేవి. మీటరున్నర గుడ్డ పని. ఇది నా సొంత తెలివి కూడా కాదు. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లో 39వ నిబంధన చదివించుకున్నాను. మందు పిచికారీ చేసేవాళ్లకు కూడా రక్షణ దుస్తులుండాలని, ఆ గుడ్డలోంచి మందు లోపలికి దిగకూడదని, ఉతికితే విషం పోయేలా ఉండాలని, గ్లవ్స్ మోచేతికి సగం దాకా రావాలని రాసుంది. ఎవరో గుడ్డ సంగతి తెలిసినవాళ్లే రాశారు. యాభై ఏళ్లు దాటింది. కుట్టేవాళ్లే దొరకలేదు కాబోలు.

సీసా మీద అన్నీ రాసే ఉంటాయి కదా అని ఒక అధికారి అన్నారు. ఆ సీసా తర్వాత తెప్పించుకుని చూశాను. పుర్రె గుర్తు, కింద ఎర్ర రంగు, సరే. లోపలి కాగితం అరచేయంత, అందులో ఎన్నో భాషలు. సూది బెజ్జం చూసే కళ్లు నావి, ఆ తెలుగు నాకే కనబడలేదు. భూతద్దం పెట్టి చదివితే, ఉందండీ: తడిసిన బట్టలు వెంటనే తీసేయాలి, సబ్బుతో బాగా కడగాలి. ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. 2013లో బీహార్‌లో బడిపిల్లలు ఇరవై ముగ్గురు మధ్యాహ్న భోజనం తిని చనిపోయింది ఈ మందు కలిసిన నూనెతోనే. ఆ డబ్బా మీద కూడా ఏదో రాసే ఉండాలి.

అయ్యా, నేను పెద్దవేమీ అడగడం లేదు. డ్రోన్లు వద్దు, యాపులు వద్దు. మందుల షాపు గోడ మీద, చీర బోర్డరంత అక్షరాలతో ‘ఒళ్లు తడిస్తే చొక్కా తీసేయండి, సబ్బుతో కడగండి, సీసా వెంట తీసుకెళ్లండి’ అని రాయించండి. ఊరి దగ్గర ఆసుపత్రుల్లో అట్రోపిన్ ఉండేలా ఆరోగ్య మంత్రి గారికి ఒక మాట చెప్పండి. బిల్లు లేకుండా అమ్మేవాళ్ల సంగతి చూడండి. కిట్లు ఇస్తారో ఇవ్వరో ఒక మాట తేల్చండి. ఇవ్వం అంటే ఇవ్వం అనండి, మేమే కుట్టుకుంటాం, నీళ్లు దిగని గుడ్డయినా ఇప్పించండి. చొక్కా తీసేయమని మాత్రం రాయించండి. అది ముందు.

మీరు గుంటూరు వచ్చినప్పుడు కలుద్దామని రెండుసార్లు వచ్చాను. తాళ్లు కట్టిన అవతల నిలబడ్డాను. మీ కారు అద్దంలోంచి నమస్కారం పెట్టారు, అందరికీ కలిపి. నేనూ పెట్టాను.

ఇంకొక్కటి. రెండు ముక్కలుగా కోసిన ఆ చొక్కా నా దగ్గరే ఉంది. రెండు ప్లాస్టిక్ కవర్లలో కట్టి మేడ మీద, పిల్లలకు అందని చోట పెట్టాను. ఉతికితే నీళ్లు కాలవలోకి పోతాయి. కాలిస్తే పొగ. చెత్తబండిలో వేస్తే ఏరుకునేవాళ్లు ఉత్త చేతులతో తీస్తారు. దీన్ని ఏం చేయాలో రెండో అర్జీలో అడిగాను, మూడోదానిలోనూ అడిగాను. మీ శాఖలో ఎవరికైనా తెలిస్తే చెప్పించండి. ఫోను నంబరు అర్జీల్లో ఉంది.

ఇట్లు,
మందు కొట్టే కూలీ అక్క,
గుంటూరు