ఆఖరి మూడు ఆయిల్ రిపోర్టులు ఏం చెప్పాయి?

సంపాదక మహాశయా,

వేసవిలో రాయలసీమలోని ఏ సబ్‌స్టేషన్‌లోనైనా పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే, మరునాటి వార్త ‘ఎండ తీవ్రత, అధిక లోడు’ అన్న రెండు కారణాలతో ముగిసిపోతోంది. కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో ట్రాన్స్‌ఫార్మర్ల టెస్టింగ్ పనిలోనే ఉద్యోగకాలమంతా గడిపినవాడిని కనుక ఈ లేఖ రాస్తున్నాను. ఎండా నిజమే, లోడూ నిజమే. అయినా 132 కేవీ, 220 కేవీ ట్రాన్స్‌ఫార్మర్లు చాలావరకు ఒక్క పూటలో పాడైపోవు. లోపలి ఇన్సులేషన్ దెబ్బతింటున్న సంగతి నెలల ముందే ఆయిల్‌లో కనబడుతుంది.

వైండింగుల రాగి తీగకు చుట్టిన కాగితమూ, ఆ కాగితాన్ని తడిపి ఉంచే ఆయిలూ కలిస్తేనే ఇన్సులేషన్. లోపల ఎక్కడ అతిగా వేడెక్కినా, నిప్పురవ్వ రేగినా ఆయిల్ విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి, అందులోనే కరిగి ఉంటాయి. వాటిని కొలిచే పరీక్షనే మా సిబ్బంది డీజీఏ అంటారు. ముఖ్యంగా హైడ్రోజన్ పెరుగుతుంటే ఇన్సులేషన్‌లో సన్నని విద్యుత్ డిశ్చార్జి జరుగుతోందనీ, ఇథిలీన్ పెరిగితే ఏదో జాయింటు కాగుతోందనీ, ఎసిటిలీన్ కనబడితే ఆర్క్ రేగుతోందనీ అనుమానించాలి. అయితే వోల్టేజీని సర్దుతూ మామూలుగానే ఆర్క్ రేగే ట్యాప్ ఛేంజర్‌లోని ఆయిల్ ప్రధాన ట్యాంకులోకి లీకైనా ఎసిటిలీన్ వస్తుంది కనుక తొందరపడి తీర్పు చెప్పకూడదు. కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే కాగితమే మాడుతోందేమోనని చూడాలి. ఆయిల్‌ను ఫిల్టర్ చేయవచ్చు, మార్చనూ వచ్చు. ట్రాన్స్‌ఫార్మర్‌ను విప్పి వైండింగ్ మళ్లీ చుట్టించకుండా కాగితాన్ని మార్చలేం.

ఒక సబ్‌స్టేషన్‌లో నేను స్వయంగా చూసినది చెబుతాను. ఆరు నెలల్లో మూడు రిపోర్టులు వచ్చాయి. ఎసిటిలీన్ మొదట 1 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒకటి), తర్వాత 4, ఆ తర్వాత 11. ఇథిలీన్ కూడా వెంటే పెరిగింది. మూడింటినీ విడివిడిగా చూసి, మూడింటి మీదా ‘సాధారణం’ అని రాసి సంతకాలు చేశారు తప్ప, పక్కపక్కన పెట్టి చూసినవారు లేరు. మూడోది ఫైల్లో చేరిన ఇరవయ్యో రోజున, లోపల వాయువు పుడితే పసిగట్టే బుఖోల్జ్ రిలే ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రిప్ చేసింది. ట్యాంకు విప్పించాక హైవోల్టేజీ లీడు జాయింటు దగ్గర కాగితాన్ని వేలితో తాకితే మాడిన అప్పడంలా పొడిపొడిగా రాలింది. ఆ నల్లని పొడి నా కళ్లలో ఇంకా మెదులుతూనే ఉంది.

తేమ సంగతి మన ప్రాంతానికి మరీ ముఖ్యం. ట్రాన్స్‌ఫార్మర్‌లోని తేమలో అత్యధిక భాగం కాగితంలోనే ఉంటుంది. వేడెక్కినప్పుడు కొంత ఆయిల్‌లోకి వస్తుంది, చల్లబడితే మెల్లగా కాగితంలోకి తిరిగిపోతుంది. గని, శకునాల దగ్గరి 1000 మెగావాట్ల సోలార్ పార్కు వంటి చోట్ల పగలంతా లోడు, రాత్రి ఖాళీ. ఈ రాకపోకలు నిత్యం జరుగుతూనే ఉంటాయి. చలికాలం ఉదయం చల్లని ఆయిల్ తీసి పరీక్షిస్తే తేమ తక్కువని తేలడంలో వింత లేదు. అందుకే శాంపిల్ తీసినప్పటి ఆయిల్ ఉష్ణోగ్రత రాయడం తప్పనిసరి, కానీ నేను చూసిన ఎన్నో రిపోర్టుల్లో ఆ గడి ఖాళీగా ఉంది. వాల్వు తుడిచి, కొంత ఆయిల్ వదిలేసి, గాలి బుడగ చేరకుండా గాజు సిరంజిలోకి తీయవలసిన శాంపిల్‌ను ప్లాస్టిక్ నీళ్ల సీసాలో పట్టి పంపిన సందర్భాలూ ఉన్నాయి. దారిలోనే హైడ్రోజన్ తప్పించుకుపోతే ల్యాబ్ ఏం చెప్పగలదు? నీలంగా ఉండవలసిన సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగి నెలలు గడిచినా మార్చని బ్రీదర్లనూ (లోపలికి వెళ్లే గాలిలోని తేమను పీల్చేవి) చూశాను.

ట్యాంకులోంచి కరెంటు లీడును బయటికి తెచ్చే బుషింగులకు, వాటి ఇన్సులేషన్ ఎంత చెడిందో చెప్పే టాన్ డెల్టా పరీక్ష చేయాలంటే షట్‌డౌన్ కావాలి. అనంతపురం వైపు బోరు మోటార్ల లోడున్న రోజుల్లో అది దొరకదని నాకు తెలుసు, రైతు ఇబ్బందీ తెలుసు. అయినా బుషింగ్ పేలితే ట్యాంకుకే నిప్పంటుకునే ప్రమాదం ఉంది కనుక వ్యవసాయ లోడు తగ్గిన వెంటనే ఆ పని పూర్తి చేయాలి.

అధికారులను నేను కోరేది ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కూ ఒకే రిజిస్టరు: కొన్న నాటి నుంచి ప్రతి పరీక్ష ఫలితమూ, ఆనాటి లోడు, ఆయిల్ ఉష్ణోగ్రతలతో సహా ఒకదాని కింద ఒకటి అందులో ఉండాలి. ఇక మీ పత్రికకు ఒక విన్నపం. ఈసారి ఎక్కడైనా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే, ఎండ ఎన్ని డిగ్రీలని అడిగే విలేకరి, ఆఖరి మూడు ఆయిల్ రిపోర్టులు ఏం చెప్పాయో కూడా అడగాలి.

ఇట్లు,
విశ్రాంత టెస్టింగ్ ఇంజినీరు,
కర్నూలు