శీనూ, ఆ నేల హుక్కులు విప్పేదాకా బండి తియ్యకు

విజయనగరం,
ఆదివారం సాయంత్రం

ఒరే శీనూ,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ అందరం బావున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గింది, గంటస్తంభం దాకా నడిచెళ్లి తనే కూరలు తెచ్చుకుంటోంది. ఈ ఏడు మామిడి కాపు సగమే. నువ్వు పైడితల్లమ్మ పండక్కి వస్తావని మామ్మ ఇప్పట్నుంచే లెక్కలేస్తోంది. ఇంక కబుర్లు అయిపోయాయి, అసలు సంగతికొస్తాను.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. నీ పోర్షే కేమన్ కారు బంగారంలా ఉందిరా, ఎవరి దిష్టీ తగలకూడదు. కానీ దానిలో ఆ ఎర్ర రేసు బెల్టులు (హార్నెస్) బిగించిన తీరు చూశాక నాకు అన్నం సయించలేదు. ఫోన్లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు. కాగితమ్మీద ఉంటే నీ ఫిట్టర్ ముందు పరిచి చూపిస్తావని రాస్తున్నాను. బావ ఈ రాత్రి రైలుకి బెంగుళూరు వస్తున్నాడు, వాడి చేతికిస్తాను. కోయంబత్తూరు కరి రేసు ట్రాక్ మీదకి వెళ్లేలోపు ఇది నువ్వు రెండుసార్లు చదవాలి.

మూడో ఫోటో తీసి చూడు. భుజం బెల్టులు సీటు మీంచి వెనక్కెళ్లి, సీటుకీ వెనక గోడకీ మధ్యనున్న జానెడు సందులో నిట్టనిలువునా నేల మీది హుక్కుల్లోకి దిగాయి. అదే ప్రాణం తీసేది. గుద్దుకున్నప్పుడు ఒళ్లు ముందుకి తన్నుకుపోతుంది, బెల్టు ఆపుతుంది. ఆ బెల్టు వెనక్కి లాగుతూ ఆపాలి. కింద నేలకి కట్టి ఉంటే కిందకి లాగుతుంది. రెండు భుజాల మీదా కావడి బరువు ఒక్కసారిగా పడ్డట్టు వెన్నుపూసలు ఒకదాని మీదొకటి నలిగిపోతాయి. పైగా సీటు వీపు వంగిందంటే బెల్టు మొత్తం వదులైపోతుంది, ఇంక అది ఉన్నా లేనట్టే.

లెక్క ఏటంటే, సీటు పై అంచు నించి వెనక్కి వెళ్లే బెల్టు కిందకి 10 డిగ్రీలు దాటకుండా ఉంటే మంచిది. 45 దాటితే ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటారు రేసుల సంస్థ) నియమాలు అసలు ఒప్పుకోవు. హాన్స్ (తల ముందుకి పోకుండా హెల్మెట్‌ని పట్టి ఉంచే మెడ రక్షణ) వేసుకుంటే 0 నించి 20 లోపు. అంటే భుజాల ఎత్తుకి కాస్త కిందగా, సీటు వెనకే అడ్డంగా ఒక బార్ కావాలి. ఎంత దగ్గరుంటే అంత మంచిది. గుడ్డ పట్టీ కదా, పొడుగెక్కువైతే సాగుడూ ఎక్కువే.

ఆ బార్‌ని వీధి చివర వెల్డింగ్ షాపులో నీళ్ల జీఐ పైపు వంచి పెట్టించకు. నిన్ను ఎరుగుదును, గజపతినగరం బంపర్ నేనింకా మర్చిపోలేదు! కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ (అతుకు లేని) స్టీలు గొట్టం కావాలి, 38 మిల్లీమీటర్ల వ్యాసానికి 2.5 మందం, లేదా 40 కి 2. నీ బండికని చేసి, పరీక్షించి అమ్మే బార్ కొనుక్కోవడం ఇంకా మేలు. పట్టీ బార్ చుట్టూ తిరిగొచ్చి మూడు గడుల బకిల్‌లో దూరాలి. ఒకసారి దూర్చి వదిలేస్తే జారిపోతుంది. దూరాక మధ్య గడి మీంచి మళ్లీ వెనక్కి తిప్పి దూర్చాలి, అప్పుడే తన మీద తనే బిగుసుకుంటుంది. బకిల్ బార్‌కి ఆనుకున్నట్టుండాలి, చివర కనీసం 10 సెంటీమీటర్ల తోక మిగలాలి. రెండు భుజాల పట్టీలూ ఒకే బోల్టుకి కట్టకూడదు.

రెండో మాట. నువ్వు కొన్నది నాలుగు కొసల బెల్టు. రెండు భుజాలకి, రెండు నడుముకి, అంతే. భుజాలవి బిగించి లాగావనుకో, మధ్యలో ఉన్న బకిల్ పొట్ట మీదకి ఎక్కుతుంది, దాంతోపాటు నడుం బెల్టూ ఎక్కుతుంది. దెబ్బ తగిలినప్పుడు తుంటి కింది నించి జారిపోయి, బెల్టు పొట్టలోకి దిగుతుంది. పేగులు, కాలేయం... రాయలేనురా. తొడల మధ్య నించి వచ్చే పట్టీ ఉన్నది అందుకే. ఆ పట్టీ ఒక్కటే ఉండే ఐదు కొసలది కాదు, రెండు ఉండే ఆరు కొసలది కొను. దానికి సీటు కుషన్‌లో రంధ్రం ఉండాలి, వీపులో రెండు రంధ్రాలుండాలి. వెనక్కి వాలే మామూలు సీటుకి అవి ఉండవు కనక వాలని బకెట్ సీటు తప్పదు. ఖర్చే, తెలుసు. అయినా తప్పదు.

నడుం బెల్టు ముందుకి పొడుచుకొచ్చే రెండు తుంటి ఎముకల మీద కూర్చోవాలి, మెత్తటి పొట్ట మీద కాదు. నిటారు సీటులో అది నేలకి 45 నించి 60 డిగ్రీల వాలులో కిందకీ వెనక్కీ పోవాలి, సీటు అంచుకి ఎక్కడా రాసుకోకూడదు.

ఇక బోల్టులు. చాలా కార్లలో కంపెనీ బెల్టు బోల్టు 7/16 అంగుళం, అంగుళానికి 20 చుట్లు. ఎం12 (12 మిల్లీమీటర్ల బోల్టు) వేరు. ఒకదాంట్లో ఒకటి బలవంతాన తిప్పితే మర పోతుంది. చేత్తో నాలుగైదు చుట్లు హాయిగా ఎక్కాకే స్పానర్ పట్టమను. కొత్త రంధ్రం చేస్తే రేకు అడుగున కనీసం 40 చదరపు సెంటీమీటర్ల ప్లేటు పడాలి, అంటే 8 కి 5, మందం 3 మిల్లీమీటర్లు. వాషర్ సరిపోదు. ఒక్కో కొస 1470 డెకాన్యూటన్లు, సుమారు టన్నున్నర, ఓర్చుకోవాలి. తొడల పట్టీవి అందులో సగం. ఉత్త రేకుకి వాషర్ వేసి బిగిస్తే కాగితం చిరిగినట్టు ఊడొస్తుంది. డ్రిల్ పెట్టే ముందు బండి లేపి కింద చూడమను. నీదానిలో ఇంజన్ వెనకుంది, రేడియేటర్లు ముందున్నాయి, కూలెంట్ పైపులు నేల కిందనించే వెళ్తాయి.

హుక్కు తగిలించే కంటి బోల్టు (తల దగ్గర రింగున్నది) తిన్నగా లాగితేనే గట్టిది, అడ్డంగా లాగితే వంగుతుంది. అడ్డలాగుడు ఉన్నచోట బోల్టుతో బిగించే పలక వేయించు. హుక్కు తగిలించాక దాని నాలుక తెరుచుకోకుండా చిన్న రంధ్రంలో పిన్ను వెయ్యాలి. నీ ఫోటోలో రంధ్రాలు కనిపిస్తున్నాయి, పిన్నులు లేవు.

సర్దే బకిల్ కూడా పట్టీతో ఒకే గీతలో ఉండాలి. ఏటవాలుగా లాగితే పట్టీ ఒక అంచుకి ముడుచుకుపోయి అక్కడే చిరుగుతుంది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలో డేటోనా రేసులో పేరున్న డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ పోయినప్పుడు ఎడమ నడుం బెల్టు తెగి ఉంది. ఆగస్టులో నాస్కార్ (అక్కడి కారు రేసులు నడిపే సంస్థ) ఇచ్చిన నివేదిక ఈ ముడుచుకోవడమే దానికి కారణమంది. అంత అనుభవమున్న మనిషిరా ఆయన. పుర్రె అడుగున ఎముక విరిగింది. అదే ఏడు అక్టోబరులో నాస్కార్ మెడ రక్షణ తప్పనిసరి చేసింది. అందుకే హాన్స్ గురించి కూడా చెబుతున్నాను. ఒంటిని హార్నెస్ కట్టిపడేస్తుంది, హెల్మెట్ బరువుతో తల ఒక్కటీ ముందుకి పోతుంది. ఆ రెండూ కలిపే కొను.

లేబుల్ కూడా చదివాను, 'నాట్ వాలిడ్ ఆఫ్టర్ 2023' అని ఉంది. నీకు అమ్మినవాడు ఆ మాట చెప్పాడా? ఎఫ్‌ఐఏ బెల్టుకి తయారైన ఏడు కాక మరో ఐదేళ్లే ఆయుష్షు. ఎండకి పట్టీ దారం పైకి బావున్నట్టే ఉండి లోపల చచ్చిపోతుంది. పాతది గనక ఇదివరకు గుద్దుకున్న బండిలోదో కాదో తెలీదు, ఒకసారి దెబ్బ తిన్న బెల్టు సాగిపోయి ఉంటుంది. తీసి పారెయ్, ఎవరికీ ఇవ్వకు.

ఇంకోటి. కంపెనీ మూడు కొసల బెల్టు పీకించకు. రోడ్డు మీద అదే పెట్టుకో. హార్నెస్ బిగిస్తే కదల్లేవు, బండి పల్టీ కొట్టి పైకప్పు కిందకొస్తే పక్కకి వంగడానికుండదు, రోల్ బార్ (పల్టీ కొడితే పైకప్పు నలక్కుండా ఆపే ఉక్కు గొట్టం) లేని బండిలో అది మరీ ప్రమాదం. ఏ కారణానికైనా ఆ బెల్టు ముట్టుకోవలసి వస్తే ముందు బ్యాటరీ తీసి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగమను. ప్రిటెన్షనర్‌లో (గుద్దుకోగానే బెల్టుని లాగి బిగించే భాగంలో) పేలుడు మందుంటుంది.

కట్టుకునే వరస: తొడల పట్టీలు, నడుం బెల్టు కింద గట్టిగా, ఆ తరవాతే భుజాలవి. కొద్దిసేపు తిరిగొచ్చి మళ్లీ ఒకసారి లాగు, సీటులో కూర్చున్నాక సద్దుకుని వదులవుతుంది. ఒక చేత్తో బకిల్ తిప్పి బయటకి దూకడం కళ్లు మూసుకుని అలవాటు చేసుకో, మన కొత్తపేట గోడ దూకినట్టు కాదు, నిదానంగా...

బావ చెప్పులేసుకుంటున్నాడు, ఆటో వచ్చేసింది. కొత్త సీటు పెట్టాక దాని భుజం రంధ్రాలు నేల నించి ఎంత ఎత్తులో ఉన్నాయో కొలిచి చెప్పు, బార్ ఎత్తు చూద్దాం. కొత్త సీటు పట్టాలకి బోల్టులు ఏ గ్రేడువో (ఎంత గట్టివో) కూడా అడుగు, 8.8 కన్నా తక్కువైతే

వాడు అరుస్తున్నాడు. ఉంటాను.

నీ
రాంబాబు